పాత కారు తలుపు

మా కారు మారుతి 800. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అప్పట్నుంచి లోపలి సామాను దొరకడం ఏటికేడు కష్టమైంది. అయినా ఆస్పత్రికి వెళ్లాలంటే మా నాన్నగారికి ఆ బండే ఆధారం. విజయవాడ ఎండలో, వానలో బయటే ఉండే బండి. వానాకాలంలో ముందు ఎడమ తలుపు ప్యాడ్ ఉబ్బి, క్లిప్పులు ఊడి, లోపలి అట్ట చీలింది. ఆ అంచు గీసుకుని నాన్నగారి ముంజేతికి గాయమైంది. షుగరున్న మనిషి, పుండు ఎంతకీ మానలేదు. రోజూ కట్టు మారుస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది.

కొత్త ప్యాడ్ రాదన్నారు షాపులో. ఆటోనగర్‌లో చూసిన పాతవీ తడికి ఉబ్బినవే. ఇక నేనే పూనుకున్నాను.

ప్యాడ్ తీయాలంటే ముందు అద్దం దింపే హ్యాండిల్ ఊడదీయాలి. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. సందులో గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే ఊడుతుంది. తుప్పు పట్టి అది కదల్లేదు. రేకు అంచులకు వేళ్లు కోసుకుపోయాయి. చివరికి ప్యాడ్ ఊడదీస్తే అసలు రోగం బయటపడింది. అద్దం మీద పడ్డ వాన కొంత తలుపులోకి దిగుతుంది, అడుగు రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అది అట్టకు తగలకుండా రేకు మీద ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. మా బండిలో రంధ్రాలు మట్టితో పూడాయి, షీటు చిరిగి వేలాడుతోంది.

రంధ్రాలు శుభ్రం చేసి, మందపాటి పాలిథిన్ షీటును బ్యూటైల్ టేపుతో అంటించాను. పాత అట్ట కొలతకు పల్చటి ప్లైవుడ్ కోయించి, అంచులు నున్నగా రుద్ది, పాత రెక్సిన్‌నే రబ్బరు జిగురుతో తొడిగాను.

తలుపు పని అయ్యాక పట్టుకున్న డ్యాష్‌బోర్డు పగుళ్లు మరింత ఏడిపించాయి. ముక్క వెనక ప్లాస్టిక్ రకం ఏబీఎస్ అని ఉంటే, అదే రకం తుక్కును అసిటోన్‌లో కరిగించి పూస్తే అతుకుతుంది. పీపీ అని ఉంటే మామూలు జిగురు నిలవదు. సోల్డరింగ్ ఐరన్‌తో సన్నని స్టీలు జాలీని ప్లాస్టిక్‌లోకి కరిగించి దించాలి. ఆరుబయట చేసినా ఆ ఆవిరికి తల పగిలిపోయేది. అసిటోన్ దగ్గర నిప్పు ఉండకూడదు గనుక రెండు పనులూ వేర్వేరు రోజుల్లో చేశాను.

ఆ తర్వాతి వానలకు ప్యాడ్ తడవలేదు. నాన్నగారి గాయం కూడా మానింది.

ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కే పాత బండి ఉంటే, వానలకు ముందే తలుపు అడుగు రంధ్రాలు, లోపలి షీటు చూసుకోండి. అవి బాగుపడకుండా ఎంత మంచి ప్యాడ్ వేసినా మళ్లీ ఉబ్బుతుంది.