ముట్టునొప్పి – సంతానం

పెళ్ళయి రెండేళ్ళు దాటినా ఇంట్లో ఉయ్యాల ఊగకపోతే, మనవారు ముందు కోడలి జాతకం చూపిస్తారు. ఆపైన మొక్కులు మొక్కుతారు. చిన్ననాటినుండి ఆమెకు నెలనెలా వచ్చే నొప్పి సంగతి మాత్రం ఎవరూ అడుగరు. మా పళవేర్కాడులో సరస్సు మీద వలవేసేవారి ఇంటనయినా, మావంటి గుమాస్తాల ఇంటనయినా "పెళ్ళయితే అదే పోతుందిలే అమ్మా" అనడం పెద్దలకు వాడుక.

మా అన్నగారి అమ్మాయి పదిహేనో ఏటినుండి ఈ మాట విన్నది. పెళ్ళయింది, నాలుగేళ్ళు గడిచాయి, నొప్పి పోలేదు, కడుపు పండలేదు. తుదకు పొన్నేరిలో రైలెక్కించి చెన్నపట్నం తీసుకుపోయాము. స్కాన్ తీసి, అండాశయంలో చాక్లెట్ తిత్తి ఉన్నదన్నారు వైద్యురాలు. పేరు తీపే గాని విషయం చేదు.

ఎండోమెట్రియోసిస్ అనే ఈ జబ్బులో గర్భాశయపు లోపలి పొరవంటిదే అండాశయంలోనూ పెరుగుతుంది. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది. బయటికి దారిలేక ఆ రక్తం నిలిచి, చిక్కబడి, చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. శాంప్సన్ అనే అమెరికా వైద్యుడు 1921లోనే ఈ తిత్తులను వివరించాడు. పిల్లలను కనే వయసు స్త్రీలలో 100కి సుమారు 10 మందికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇది సంతానానికి అడ్డెలా అవుతుందని అడిగాము. అండాలు అండాశయంలో సన్నని బుడగలలో ఉంటాయట. ప్రతినెలా కొన్ని బుడగలు ఎదగబోతాయి. సాధారణంగా ఒక్కటే 20 మిల్లీమీటర్లదాకా పెరిగి, పగిలి, అండాన్ని విడుస్తుంది. పక్కన తిత్తి ఉంటే పాతరక్తంలోని ఇనుము, వాపు కలిసి చుట్టూ ఉన్న భాగాన్ని చెరుస్తాయి. బుడగలు తగ్గుతాయి, ఉన్నవాటి ఎదుగుదల కుంటుపడవచ్చు. అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటే, వెలువడిన అండానికి దారి దొరకదు.

అట్లని తిత్తిని కోసి తీసివేస్తే సరి అనుకోరాదు. దానితో మంచి అండాలూ కొన్ని పోవచ్చు. అందుచేత కోతకు ముందే ఏ.ఎం.హెచ్. అనే రక్తపరీక్షతో అండాల నిలువ అంచనా వేయించుకోవాలి. మా అమ్మాయికి అది తక్కువేనని తేలింది. ఇక ఆలస్యం తగదన్నారు. అల్లునికీ పరీక్ష చేయించాము. నొప్పి ఆమెది గనుక లోపమంతా ఆమెదే అనడం న్యాయం కాదు గదా!

ఈ జబ్బుండీ మామూలుగానే తల్లులయినవారు ఎందరో ఉన్నారు. కొందరికి, 1978లో తొలి శిశువును ఇచ్చిన టెస్ట్‌ట్యూబ్ పద్ధతి అక్కరకు వస్తున్నది.

సోదరీమణులారా, మీ ఇంటి పిల్ల ముట్టునొప్పితో నెలనెలా బడి మానుతూ ఉంటే పెళ్ళిదాకా ఆగకండి. స్త్రీల వైద్యురాలికి చూపండి. ఎగ్మూరులో 1844నుండి ఉన్న ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రి మనకు రైలు దూరంలోనే ఉన్నది.