కెచెమాసన్ బోర్డు కింద

మన దేశంలో ఏ పెద్దాసుపత్రికి వెళ్ళినా గుమ్మం మీద ‘కెచెమాసన్’ అన్న బోర్డు కనిపిస్తుంది. మలయ్‌లో ‘చెమాస్’ అంటే ఆందోళన, కంగారు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ బోర్డు కింద చక్రాల కుర్చీలో కూర్చుని కూడా మా అమ్మ, “ఇంత కంగారెందుకే, నాకేమైందని?” అంటూనే ఉంది. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

పొద్దున్నే కుడిచెయ్యి పట్టు తప్పిందట. పప్పు గిన్నె జారిపోతే ఎడమచేత్తో నేల తుడుచుకుని పడుకుంది. నాకు ఫోను చెయ్యలేదు. పని నుంచి వచ్చాక నేనే చూశాను. గడ్డను కరిగించే మందు 4.5 గంటల లోపే ఇవ్వాలని డాక్టరు చెప్పారు. మేము వెళ్ళేసరికి పది గంటలు దాటింది.

“ఎమర్జెన్సీ అయితే పిలవమన్నాను కదమ్మా!” అని ఏడ్చాను.

“ఇది ఎమర్జెన్సీ ఏమిటే?” అంది.

ఆమెకు ఆ మాట వేరు. 1948 జూన్‌లో సుంగై సిపుట్ దగ్గర ముగ్గురు తెల్లదొరలను కాల్చి చంపాక బ్రిటిష్ ప్రభుత్వం మలయా అంతటా ఎమర్జెన్సీ ప్రకటించింది. అప్పుడు అమ్మకు ఏడేళ్ళు. పేరాక్‌లోని ఒక రబ్బరు ఎస్టేట్‌లో లైను ఇంట్లో ఉండేవారు. లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. రాత్రి కర్ఫ్యూ. బియ్యానికి కొలత. అడవిలో ఉన్నవాళ్ళకు చేరుతుందని అన్నం మూట గేటు దాటనిచ్చేవారు కాదు. తాతయ్య చీకటితోనే నాలుగు ముద్దలు తిని, గేటు దగ్గర తనిఖీ చేయించుకుని, చెట్లు గీయడానికి వెళ్ళేవాడు. మళ్ళీ ఇంటికొచ్చేదాకా కడుపులోకి ఇంకేమీ లేదు.

యుద్ధం అంటే లండన్ బీమా కంపెనీలు తోటల నష్టానికి డబ్బివ్వవని, అందుకే ఎమర్జెన్సీ అన్నారని చెబుతారు. పేరు ఏదైనా అది 1960 జూలై దాకా, 12 ఏళ్ళు సాగింది. ప్రభుత్వం దాన్ని మలయ్‌లో ‘దారురాత్’ అంటుంది. అరబ్బీ నుంచి వచ్చిన మాట, మూలంలో తప్పనిసరి అవసరం అని అర్థం. మన ‘అత్యవసరం’ కూడా అతి, అవసరం కలిసిందే. 2021 జనవరిలో కోవిడ్ కోసం మళ్ళీ దారురాత్ ప్రకటించిన రోజు అమ్మ టీవీ ముందు నుంచి లేచి నేరుగా బియ్యం డబ్బా మూత తీసి చూసింది.

అంటే ఎమర్జెన్సీ అనేది దొరలు, ప్రభుత్వాలు ప్రకటించేది. ఒక ముసలమ్మ చెయ్యి తిమ్మిరెక్కితే వచ్చేది కాదు. పోనీ మన ఇంటి తెలుగులో వేరే మాట ఉందా? ‘అర్జంటు’ అని మార్కెట్టుకు పరుగెత్తేటప్పుడు అంటాం. ‘కొంప మునిగిందా?’ అని తొందరపడేవాళ్ళను కసురుతాం. ‘ఆపద’ గుడిలో మొక్కుకునేటప్పుడే నోట్లోకి వస్తుంది. ఒకటి మరీ చిన్నది, ఒకటి తిట్టు, ఒకటి మరీ పెద్దది. అమ్మ చేతికి సరిపోయే మాట ఏదీ ఆమెకు మేము ఇవ్వలేదు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ‘ఎమర్జెన్సీనా?’ అని అడగం. మూతి వంకరపోయిందా, చెయ్యి లేస్తోందా, మాట తడబడుతోందా అని అడుగుతాం. ఒక్కదానికి అనుమానం వచ్చినా 999కి ఫోను చెయ్యాలి. ఆ అంకెను అమ్మ పడక పక్కన గోడ మీద పెద్దగా రాశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూడా కూర్చోబెట్టి ఈ మూడూ చెప్పండి. వాళ్ళు ‘ఏం లేదు’ అంటే ఆ మాట నమ్మి ఊరుకోకండి.

అమ్మ కుడిచెయ్యి పూర్తిగా తిరిగి రాలేదు. ఎడమచేత్తోనే తింటుంది. కానీ ఆ బోర్డు మాట మాత్రం నేర్చుకుంది. మొన్న గదిలోంచి, “కెచెమాసన్! కెచెమాసన్!” అని కేక వేసింది. పరుగెత్తుకు వెళ్ళాను.

టీలో చక్కెర వెయ్యడం మరిచిపోయానట.

కసరలేదు. చక్కెర డబ్బా తెచ్చాను.