క్యాజువాలిటీలో ఎమ్మెల్సీ

జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ ముందున్న సిమెంటు బల్ల మీద కాసేపు కూర్చుంటే రాష్ట్ర రాజకీయాలన్నీ అక్కడే నడుస్తున్నాయేమో అనిపిస్తుంది. "ఎమ్మెల్సీ అయిందా లేదా?" అని లోపల్నించి ఒక గొంతు. "ఆర్టీఏ ఇద్దరు, ఇటు తీసుకురండి" అని ఇంకో గొంతు. "పీఎం రేపు పొద్దున్నే" అని వార్డుబాయ్ ఎవరికో తాపీగా చెబుతుంటాడు. మొదటిసారి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఎమ్మెల్సీ గారు పరామర్శకు వస్తున్నారు కాబోలని లేచి కండువా సర్దుకుంటాడు.

తీరా చూస్తే ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు. అంటే పోలీసులకు కబురు పంపాల్సిన గాయం. పీఎం అంటే పోస్టుమార్టం. ఆర్టీఏ అంటే రోడ్డు ప్రమాదం. లైసెన్సులిచ్చే ఆఫీసును కూడా మనం ఆ పేరుతోనే పిలుచుకుంటాం గనక, అక్కడ పరీక్ష పెట్టకుండా పాస్ చేసినవాళ్లు ఇక్కడికొచ్చి తేలుతున్నారా అని కొంటె అనుమానం రాకపోదు. ఇక ఐపీ సంగతి. మన వాడుకలో ఐపీ పెట్టడమంటే అప్పులవాళ్లకు చేతులెత్తేసి దివాలా తీయడం. ఆసుపత్రిలో ఐపీ అంటే మంచం ఇచ్చి చేర్చుకోవడం. రెండోది మొదటిదానికి దారితీసిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

నవ్వు అలా ఉంచితే, ఎమ్మెల్సీ అనే మాటకు జనం ఇప్పటికీ భయపడతారు. పోలీసులొచ్చి కాగితాలు రాసేదాకా డాక్టరు ముట్టుకోడని ఒక పాత నమ్మకం. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది: ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు. ఆ మూడక్షరాలు రిజిస్టరులో పడటం వైద్యం ఆపడానికి కారణం కాదు. ఈ ఒక్క ముక్క తెలియకే దెబ్బ తగిలిన మనిషిని రోడ్డు మీద చూసి కూడా బండి ఆపనివాళ్లున్నారు.

ఈ అక్షరాలు పుట్టేది ఆసుపత్రిలో అనుకుంటాం గానీ చాలావాటికి అసలు పని బండిలోనే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైనప్పుడు మనకు రెండు కొత్త ఉద్యోగాల పేర్లు తెలిశాయి. వెనక రోగి పక్కన కూర్చునేవాడు ఈఎంటీ. ముందు స్టీరింగు పట్టేవాడు పైలట్. డ్రైవరును పైలట్ అనడమేమిటని మొదట్లో ముసిముసిగా నవ్వినవాళ్లున్నారు. గోతుల రోడ్డు మీద, వెనక సూది గుచ్చుతున్న మనిషి చెయ్యి తొణకకుండా బండి నడపడం ఒకసారి చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

ఆ కుదుపుల్లో ఈఎంటీకి ఫారం తీసి రాసే తీరిక ఉండదు. ఎడమ చేతి గ్లవుజు వెనకవైపునో, ప్యాంటు మీద తొడ దగ్గర అంటించుకున్న తెల్ల ప్లాస్టరు ముక్క మీదో బాల్‌పెన్నుతో గీకేస్తాడు: బీపీ 90/60, పల్స్ 124, ఎస్పీఓటూ 88 ఆర్ఏ. చివర ఉన్న ఆ ఆర్ఏ చూడండి. రూమ్ ఎయిర్ అని దాని అర్థం. ఆక్సిజన్ పెట్టకుండా, మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలో కొలిచిన ఆక్సిజన్ అంకె అన్నమాట. మాస్కు పెట్టాక కూడా 88 ఉంటే అది వేరే కథ, చాలా చెడ్డ కథ. ఆ రెండక్షరాలు రాయకపోతే 88 చూసి క్యాజువాలిటీ డాక్టరుకు ఏమీ పాలుపోదు. అదే ఆర్ఏ కీళ్ల డాక్టరు చీటీ మీద కనబడితే రుమటాయిడ్ కీళ్లవాతం.

వీటన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది స్పృహను కొలిచే జీసీఎస్ మీద. గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో లాన్సెట్ పత్రికలో దాన్ని ప్రకటించారు. అంతకుముందు తలకు దెబ్బ తగిలినవాడి గురించి ఒక డాక్టరు 'మగతగా ఉన్నాడు' అని రాస్తే, డ్యూటీ మారాక వచ్చినాయన 'సగం స్పృహ' అని రాసేవాడు. మనిషి తేరుకుంటున్నాడో జారిపోతున్నాడో ఆ మాటల్ని బట్టి చెప్పడం కష్టం. వీళ్లిద్దరూ మూడే చూడమన్నారు. కళ్లు తెరుస్తున్నాడా, ఎలా మాట్లాడుతున్నాడు, కాలూ చెయ్యీ ఎలా కదుపుతున్నాడు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. తమాషా ఏమిటంటే అట్టడుగు మార్కు సున్నా కాదు, 3. తెల్ల కాగితం ఇచ్చి వచ్చినవాడికి కూడా మన బోర్డులు కలిపే మార్కుల్లాగా, ప్రాణం పోయిన మనిషికి కూడా మూడు వస్తాయి.

గ్లాస్గోలో పుట్టిన ఈ లెక్క మన ఊళ్లోకి వస్తే కొత్త చిక్కులొస్తాయి. మాటకు అయిదు మార్కులూ రావాలంటే రోగి తానెవరో, ఎక్కడుందో, ఇది ఏ నెలో తడుముకోకుండా చెప్పాలి. గడప తట్టుకుని పడ్డ అవ్వను "ఏ నెల అవ్వా ఇది?" అని అడిగారనుకోండి. "శ్రావణం కాదటయ్యా, ఆమాత్రం తెలీదా?" అని ఎదురు తిరుగుతుంది. తెలివైన ఈఎంటీ అయిదుకు అయిదూ వేస్తాడు. ఇంగ్లిషు నెల చెప్పలేదని ఒక మార్కు కోసేవాడెవడైనా ఉంటే స్పృహ తక్కువైంది వాడికి.

అంత లెక్కకు కూడా వ్యవధి లేనప్పుడు ఏవీపీయూ అని నాలుగు మెట్లున్నాయి. మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, గిల్లితే ఉలుకుతున్నాడా, దేనికీ కదలడం లేదా. మనవాళ్లు ఫోనులో "ఉలుకూ పలుకూ లేదండీ" అన్నారంటే అవతలివాళ్లకు సగం పరీక్ష అయిపోయినట్టే.

ఇంకో రకం అక్షరాలున్నాయి. అవి కాగితం మీద రాయడానికి కాదు, కంగారులో ప్రశ్నల వరస తప్పిపోకుండా మనసులో పెట్టుకోవడానికి. శాంపిల్ అనేది అలాంటిదే. ఒక్కో అక్షరానికీ ఒక్కో ప్రశ్న: బాధ ఏమిటి, ఏ మందులు పడవు, ఏం వాడుతున్నారు, పాత జబ్బులేమిటి, చివరగా ఏం తిన్నారు, అసలేం జరిగింది. అమెరికా పుస్తకంలో చదివితే చాలా తేలిగ్గా కనిపిస్తుంది. మన ఇంట్లో అడిగి చూడండి. "ఏమన్నా తిన్నారా?" అంటే "పొద్దుట్నించీ ఏమీ తినలేదండీ" అంటుంది ఇల్లాలు. గుచ్చి గుచ్చి అడిగితే నాలుగు ఇడ్లీలు, ఒక వడ, రెండు కాఫీలు బయటపడతాయి. అన్నం తినకపోతే తిననట్టే లెక్క మనకి. ఆపరేషను బల్ల మీద మత్తు ఇచ్చే డాక్టరుకు మాత్రం ఆ నాలుగు ఇడ్లీలే ముఖ్యం. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే చిక్కు. మందుల ప్రశ్నకు జవాబు మరీ అన్యాయం: "బీపీకి చిన్న తెల్ల బిళ్ల, షుగరుకు పొడుగు తెల్ల బిళ్ల."

108 ఎక్కేవాళ్లలో నిండు గర్భిణులు చాలామంది. వాళ్ల దగ్గర అడిగేవి మరికొన్ని ఉంటాయి.

"ఎన్నో కాన్పమ్మా?"

"మూడోదన్నా."

"పిల్లలెంతమంది?"

"పాపొక్కతే."

ఫారం మీద జీ 3, పీ 2, ఎల్ 1 అని పడుతుంది. మూడోసారి గర్భం, ఇదివరకు రెండు కాన్పులు, బతికున్న బిడ్డ ఒకరు. ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి: పోయిన కాన్పుకు ఆపరేషనా, రక్తం ఎక్కువ పోయిందా? అంతే, బండి ఆసుపత్రికి చేరిపోతుంది. ఆ పీ పక్కన రెండుకూ ఎల్ పక్కన ఒకటికీ మధ్య తేడా ఏమిటని ఎవరూ విప్పి అడగరు. అడగడానికి అది సమయమూ కాదు. కానీ కాన్పుల లెక్క వేరు, మిగిలిన పిల్లల లెక్క వేరు అని రెండు అక్షరాలు విడివిడిగా పెట్టాల్సి వచ్చిందంటేనే ఆడవాళ్లు ఏం మోస్తూ వచ్చారో తెలుస్తుంది. వైద్యంలో ఇంత తక్కువ చోటులో ఇంత చెప్పే రాత ఇంకోటి నాకు కనబడలేదు.

ఇంతవరకూ పొగడ్త. రాసినవాడికి తన అక్షరాల అర్థం బాగానే తెలుసు. చిక్కంతా కాగితం చేతులు మారాకే. ఎల్ఓసీ అని రాస్తే స్పృహ తప్పిందనీ కావచ్చు, స్పృహ ఏ స్థాయిలో ఉందన్న ప్రశ్నా కావచ్చు. ఫాస్ట్ అంటే పక్షవాతాన్ని పసిగట్టే పరీక్ష: మొహం వంకర, చెయ్యి వాలడం, మాట ముద్దగా రావడం, ఇక సమయం. ప్రమాదాల వార్డులో ఫాస్ట్ అంటే పొట్టలో రక్తం చేరిందేమోనని చూసే స్కానింగు. బీఐడీ అని మందుల చీటీ మీద ఉంటే రోజుకు రెండుసార్లు వేసుకోమని. కొన్నిచోట్ల క్యాజువాలిటీ రిజిస్టరులో అవే మూడక్షరాలకు అర్థం 'ప్రాణం పోయాక తీసుకొచ్చారు' అని.

నవ్వుకునే పొరపాట్లు కావివి. యూనిట్లు అనడానికి ఇంగ్లిషు అక్షరం యూ ఒక్కటే హడావుడిగా రాస్తే సున్నాలా కనబడుతుంది. 10 యూనిట్ల ఇన్సులిన్ కాస్తా 100 అయిపోతుంది. ఎమ్ఎస్ అంటే నొప్పికి ఇచ్చే మార్ఫిన్ సల్ఫేటా, గర్భిణికి ఫిట్స్ వస్తే ఇచ్చే మెగ్నీషియం సల్ఫేటా? అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వీటిని 'వాడకూడనివి' అని పట్టీ వేసి పక్కన పెట్టింది. దశాంశ బిందువు తర్వాత అక్కర్లేని సున్నా కూడా అందులో ఉంది. 1.0 అని రాస్తే చుక్క కనబడక పదయ్యే ప్రమాదం ఉంది మరి. అక్కడే, వేర్వేరు శాఖలవాళ్లు కలిసి పనిచేసే పెద్ద ప్రమాదాల్లో రేడియోలో పాత టెన్ కోడ్‌లు మాని మామూలు మాటలే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2006 నుంచి నిధులకు షరతు పెట్టింది. ఒక శాఖ అంకె ఇంకో శాఖకు వేరే అర్థమిస్తే మనుషులు చస్తారు గనక. మన దేశంలో 2016లో మెడికల్ కౌన్సిల్ మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని డాక్టర్లకు నియమం పెట్టింది. అది ఎంతవరకు అమలైందో మీ బల్ల సొరుగులో ఉన్న చీటీలే చెబుతాయి.

నా మటుకు నాకు బండిలో పొట్టి మాటలే సరి. గుండె ఆగినవాడి దగ్గర సీపీఆర్ అనడానికి బదులు దాని పూర్తి పేరు చదివేవాడు నాకు వద్దు. కాగితం బండి దిగి ఇంకొకరి చేతిలో పడేటప్పుడు మాత్రం నిండు మాటలు ఉండాలి. "సార్, ఇదంతా విడమరిచి రాసేలోపు ఇంకో కాల్ వచ్చేస్తుంది" అంటాడు ఈఎంటీ. అదీ నిజమే. అయితే అందరికీ అర్థమయ్యే పొట్టి రాత సాధ్యం కాదా? మన మందుల చీటీల మీద 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. లాటిన్ రాదు, ఇంగ్లిషు రాదు, బడికే పోలేదు అన్న అమ్మ కూడా దాన్ని తప్పులేకుండా పాటిస్తుంది. అక్షరాలు కూర్చేవాళ్లు ముందు దాన్ని చూసి నేర్చుకోవాలి.

వాళ్లు నేర్చుకునేలోపు మనం చేయగల పని ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మందుల పేర్లు, పడని మందులు, పాత జబ్బులు, ఆపరేషన్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. 108 వాళ్లు అడిగే శాంపిల్‌లో సగం అక్కడే దొరుకుతుంది. పక్షవాతం అనుమానమొస్తే, మనిషి మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారో ఆ టైము కూడా చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. పొద్దున్న లేచేసరికే మూతి వంకరపోయి ఉంటే ఆ లెక్క నిద్ర లేచినప్పటి నుంచి కాదు, రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. ఇంకో మాట, ఆ కాగితం మీద బిళ్ల రంగు రాయకండి, పేరు రాయండి.