ఉండనిచ్చిన చోటు

విజయవాడలో మేం మొదట చదివిన ఇంగ్లీషు గేట్లకు వేలాడే ఇంగ్లీషు. సత్యనారాయణపురం, మాచవరం, పటమట, ఏ వీధిలో చూసినా ఒక అట్టముక్క, దాని మీద రెండే మాటలు: టు లెట్. మధ్యలో ఎవడో ఆకతాయి ఒక ఐ అక్షరం ఇరికించి ఇంటిని మరుగుదొడ్డి చేసిపోతాడు. మేం దివిసీమ నుంచి డిగ్రీ చదువుకోడానికి వచ్చిన యానాది పిల్లలం, ముగ్గురం. ఇద్దరం అన్నదమ్ములం, ఒకడు మా మేనత్త కొడుకు. అప్పటికి లెట్ అంటే మాకు తెలిసింది ఒకటే. లెట్ మీ గో అంటే నన్ను వెళ్లనివ్వు. మరి ఈ ఇల్లు ఎవర్ని ఏం చెయ్యనిస్తుందో మాకు అర్థం కాలేదు.

హాస్టల్లో సాయంత్రం ఇంగ్లీషు చెప్పే మేడమ్‌ని అడిగాం. ఆ ఒక్క మాటే రెండు పనులు చేస్తుందర్రా అన్నారావిడ. అద్దెకివ్వడమూ లెట్టే, చెయ్యనివ్వడమూ లెట్టే. మాకు వింతగా అనిపించింది. రాత్రి పడుకుని మాట్లాడుకుంటుంటే మన తెలుగు చేసేది కూడా అదేనని తట్టింది. అద్దెకిచ్చాడు, కౌలుకిచ్చాడు అంటాం. ఉండనిచ్చాడు, తవ్వుకోనిచ్చాడు అని కూడా అంటాం. అన్నిట్లోనూ ఉన్నది ఇవ్వడమే, పైన ఉన్నది ఇచ్చేవాడి చెయ్యే. కాకపోతే మొదటి రెంటికీ ఒక లెక్క ఉంటుంది, తర్వాతి రెంటికీ ఉండదు. ఆ తేడా ఎంతటిదో మాకు ఇంగ్లీషు క్లాసుకంటే ముందే తెలిసి ఉండాల్సింది.

నాగాయలంక దగ్గర ఒక ఆసామి చేపల చెరువు గట్టు మీద మా పాక ఉండేది. మా నాన్న అక్కడ కాపలా. పగలు పిట్టల్ని తోలడం, రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరగడం, తెల్లారి మేత వెయ్యడం. నెలకి జీతం ఇచ్చేవారు. పాకకి అద్దె లేదు. ఆ సంగతి మా నాయనమ్మ ఊరంతా గొప్పగా చెప్పుకునేది. "ఆసామి మంచోడు. పైసా అడక్కుండా ఉండనిచ్చాడు" అనేది. మేం ముగ్గురం ఆ గట్టు మీదే పెరిగాం. మేనత్త చనిపోయాక వాడూ మాతోనే ఉన్నాడు.

మేం ఇంటర్లో ఉండగా ఆసామి చెరువు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు గట్టు ఖాళీ కావాలన్నాడట. ఆసామి వచ్చి, వారంలో పాక తీసెయ్యండి అని చెప్పి వెళ్లాడు. అరవలేదు, తిట్టలేదు. పక్క చెరువు కూడా ఆయనదే. దాన్ని పైనుంచి వచ్చిన ఒకాయన మూడేళ్లకి లీజుకి తీసుకుని రొయ్యలు వేశాడు. ఆయన్నీ ఖాళీ చెయ్యమన్నారు. ఆయన సంచిలోంచి కాగితం తీసి, ఇంకా ఏడాదిన్నర ఉంది అన్నాడు. ఆసామి రెండుసార్లు తిరిగాడు, పెద్దమనుషుల్ని పెట్టాడు. ఆయన కదల్లేదు. చివరికి గడువు దాకా ఆగాల్సి వచ్చింది. మేం మాత్రం ఆ వారంలోనే తాటాకులూ వెదుళ్లూ మోసుకుని కాలవగట్టుకి వచ్చేశాం. ఏళ్ల తరబడి ఉన్నవాళ్లం వారంలో వెళ్లాం, ఏడాదిన్నర నుంచి ఉన్నాయన ఉండిపోయాడు. నాయనమ్మ అప్పటికీ ఆసామిని ఒక్క మాట అనలేదు. "ఉండనిచ్చినోడు పొమ్మన్నాడు, మనం ఏవంటాం" అంది.

మా మేనత్త కొడుకు డిగ్రీ అయ్యాక లా చదివాడు. ఆ రెండు గట్ల కథకి చట్టంలో పేర్లున్నాయని వాడే చెప్పాడు. పక్క చెరువాయనది లీజు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం లీజులో ఆ చోటుని అనుభవించే హక్కు కొంతకాలానికి చేతులు మారుతుంది, దానికి ప్రతిఫలం ఉంటుంది. మాది లైసెన్సు. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ దాని గురించి చెబుతుంది. మామూలుగా అయితే తప్పయ్యే పనిని పరాయి చోట చెయ్యనివ్వడమే లైసెన్సు. ఆ చోటులో మనకి ఏ హక్కూ పుట్టదు. నాయనమ్మ చెప్పుకున్న గొప్ప మాటకి చట్టం పెట్టిన పేరు అది.

కాగితం మీద ఏ పేరు రాశారన్నదొక్కటే తేల్చదని కూడా వాడు చెప్పాడు. 1959లో సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో రెండు గదులు తీసుకుని క్షౌరశాల నడుపుకునే ఆయనకీ, హోటలు వాళ్లకీ తగాదా. కాగితం మీద లైసెన్సు అని ఉంది. తీర్పు రాసిన వారిలో ఒకరు మన రాజమండ్రి ప్రాంతపు జస్టిస్ కోకా సుబ్బారావు. పేరు చూడొద్దు, అసలు ఏం ఇచ్చారో చూడాలి, ఆ గదులు పూర్తిగా ఆయన చేతికిచ్చారు కాబట్టి ఇది లీజేనన్నారాయన. మా పాకకి అది వర్తించేది కాదు, కాపలా పనితో పాటు ఇచ్చిన చోటు కదా. అయినా ఆ మాట విన్నరోజు మాకు చాలా సంతోషమేసింది.

ఈ పేర్ల గొడవ ఒక్క యానాదులది కాదు. డెల్టాలో నేలకి ఎన్ని మాటలున్నాయో చూడండి. పొలానికి కౌలు. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకుంటే మక్తా. చేపల చెరువుకైతే లీజు, పంచాయతీ చెరువుకైతే పాట. ఇంటికి అద్దె, ట్రాక్టరుకి బాడుగ. ఇంగ్లీషులో అద్దెకి రెంట్ ఉంది. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఇద్దరూ అదే మాట వాడతారు. లెట్ మాత్రం ఇచ్చేవాడి వైపు నుంచే. గంటకో పూటకో తీసుకునే సైకిలుకీ, షామియానాకీ, పడవకీ హైర్. మనిషిని పనికి పెట్టుకున్నా హైరే. ఆ మాట మాకు తేలిగ్గా వచ్చేసింది, ఎందుకంటే మా నాన్నని చేసింది అదే.

ఇన్ని మాటలుండగా 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారుల కోసం తెచ్చిన చట్టానికి పెట్టిన పేరు లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం. రుణ అర్హత కార్డు ఇస్తారు, దాన్ని చూపించి బ్యాంకులో పంట అప్పు అడగవచ్చు. ఆ కార్డుతో నేల మీద హక్కు మాత్రం అడగకూడదు. కౌలు అని రాస్తే హక్కు అంటారని భూమి ఉన్నవాళ్ల భయం, అందుకని కౌలుదారు లైసెన్సుదారు అయ్యాడు. 2019లో దాని చోట మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈసారి పేరులో హక్కులున్నాయి. కార్డు 11 నెలలకి, దానికి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెట్టనివాడి పొలం దున్నేవాడు ఉండనిచ్చినవాడి కిందే లెక్క.

పిల్లలకి ఇంగ్లీషు చెప్పే టీచర్లకి ఒక మాట. లెట్, అలౌ, పర్మిట్ మూడింటికీ అర్థం అనుమతించడం అని బోర్డు మీద రాసి వదిలెయ్యకండి. లెట్ ఇంట్లో మాట. తర్వాత టు రాదు. అలౌ తర్వాత రావాలి, పర్మిట్ తర్వాత కూడా రావాలి. నన్ను వెళ్లనిచ్చారు అని తనవైపు నుంచి చెప్పాలంటే ఐ వాజ్ అలౌడ్ అనాలి. లెట్ అక్కడ పనికిరాదు. పర్మిట్ అధికారం ఉన్నవాడి మాట. ఆటోనగర్లో లారీల మీద నేషనల్ పర్మిట్ అని రాసి ఉంటుంది కదా, దాన్ని చూపించండి. మాకైతే అలౌ అన్నప్పుడల్లా కోతల తర్వాత పొలాలు గుర్తొస్తాయి. ఎలుకలు పట్టడానికి తాత బుట్టలు పెట్టేవాడు, తోకకి ఇంత అని ఇచ్చేవాళ్లు. కలుగులో ఎలుక దాచుకున్న ధాన్యం మాత్రం తవ్వుకోనిచ్చేవాళ్లు, ఒక్కో ఏడు ఇచ్చేవాళ్లు కాదు.

లెట్‌కి ఇంకో అర్థం కూడా ఉంది, చాలా పాతది: అడ్డు. మన పాస్‌పోర్టు లోపల, ఇతన్ని ఏ అడ్డూ లేకుండా పోనివ్వండని రాష్ట్రపతి పేరు మీద అడిగే వాక్యంలో ఆ మాట అదే అర్థంతో ఉంది. పోనివ్వడమూ ఆపడమూ ఒకే స్పెల్లింగులో ఎట్లా ఉన్నాయా అని తెలుసుకుంటే, అవి వేరు వేరు పాతమాటలట, కాలక్రమంలో ఒకేలా అయిపోయాయట. మాకు మాత్రం ఆ రెండూ ఒకే గేటు దగ్గర కనిపించాయి.

హాస్టలు గడువు అయిపోయాక గది కోసం తిరిగాం. ఒక ఇంటి ముందు బోర్డుంది. లోపలికి రమ్మన్నారు, మంచినీళ్లిచ్చారు, గది చూపించారు, రెండు నెలల అడ్వాన్సు అన్నారు. సరేనన్నాం. అప్పుడు ఆవిడ, "మీరేమిట్లు నాయనా?" అని అడిగింది. ఎస్టీలం, యానాదులం అన్నాం. లోపలికెళ్లి వచ్చి, "మా బావగారి వాళ్లకి ఇస్తామన్నారంటమ్మా, నాకు తెలీదు" అంది. నెల తర్వాత అటుగా వెళ్తే బోర్డు అక్కడే ఉంది. ఇట్లా నాలుగు ఇళ్లు. ఐదో ఇంటాయన ఏమీ అడగలేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నదొక్కటే అడిగాడు.

ఆయన స్టాంపు కాగితం మీద 11 నెలలకి రాయించాడు. ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలి కాబట్టి అందరూ అంతే రాస్తారు. ఆ కాగితం మా ముగ్గురి పేరు మీద ఉంది. కాలవగట్టు పాకకి డోరు నంబరు లేదు, కరెంటు బిల్లు లేదు. నాయనమ్మ ఆధార్‌కి అడ్రసు ఏం రాయాలని అడిగిన ప్రతిచోటా మేం నీళ్లు నమిలాం. ఆవిణ్ణి విజయవాడ తీసుకొచ్చాక కాగితం చూపించాం. చేత్తో తడిమి, "ఎన్నాళ్లు ఉండనిచ్చాడు?" అంది.

అద్దెకిచ్చాడు నాయనమ్మా, డబ్బు కడుతున్నాం అన్నాం.

"డబ్బు కూడా తీసుకుంటున్నాడా?" అంది. ఆ ఇంటాయన మీద ఆవిడకి ఇంకా మంచి అభిప్రాయం కలగలేదు. వచ్చే నెల కాగితం తిరగరాయాలి. అందులో ఆవిడ పేరు కూడా చేర్చమని అడిగాం. చూద్దాం అన్నాడు.