మేళ్లచెరువు ఎండలో

మేళ్లచెరువు,
ఏప్రిల్, బుధవారం

అక్కా,

కోదాడలో బస్సు మారి పొద్దున తొమ్మిదికల్లా ఊళ్లో దిగాను. అప్పటికే ఎండ మాడు పగలగొడుతోంది. ఊరి చుట్టూ సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి ఆనుకుని మిరప చేలు, సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లు. 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది గాని పెద్దవాళ్ల నోట ఇప్పటికీ నల్లగొండ జిల్లానే. తెల్ల రాయి మీద పడ్డ ఎండ తిరిగి మొహానికే కొడుతుంది. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద కమిలిపోయింది.

సాయంత్రం శంభులింగేశ్వర స్వామి గుడికి వెళ్లాను. లింగం నెత్తిన చిన్న గుంట ఉంది. అందులో నీళ్లు ఏనాడూ ఇంకవని, స్వామి ఏటా పెరుగుతాడని ఇక్కడివాళ్ల నమ్మకం. శివరాత్రితో చలి శివశివా అని పోయింది. జాతర ప్రభలూ, ఎడ్ల పందాలూ అయిపోయాయి. ఇక వానలు పడేదాకా ఎండదే రాజ్యం.

చిన్నోడు క్రికెట్ ఆడి మెడ, చేతులు కాల్చుకున్నాడని బెంగపడ్డావు కదా. ఎండలోనే బతుకు వెళ్లదీసే వాళ్ల మధ్య ఉన్నాను, అడిగి రాస్తాను.

మేళ్లచెరువు,
శుక్రవారం

అక్కా,

ఈరోజు తెల్లారకముందే మిరప చేనుకు వెళ్లాను. చివరి కోతలు. ఆడవాళ్లంతా చీర మీద ఇంటాయన పాత ఫుల్‌ చేతుల చొక్కా తొడుక్కుని గొంతు దాకా గుండీలు పెట్టుకున్నారు. తలకు తువ్వాలు చుట్టి గడ్డం కింద ముడి వేశారు. కళ్లూ ముక్కూ తప్ప ఒళ్లు కనబడదు. ఉక్కపోయదా అని అడిగితే, ‘చెమట పడితే ఆరుద్ది, చర్మం కాలితే రాత్రి నిద్ర ఉండదు’ అంది ఒకామె. ఏ క్రీమూ ఆ చొక్కాకు సాటి రాదని నాకు గట్టిగా అనిపించింది. ఎండ ముదిరేలోపు పని ముగించి గట్టెక్కారు.

చింతచెట్టు కింద వాళ్ల వైద్యం చూశాను. ఓ పిల్ల ముంజేతులు కమిలి ఎర్రబడ్డాయి, నిన్న చొక్కా లేకుండా వచ్చిందట. వాళ్ల పెద్దమ్మ పాత నూలు చీర ముక్కను కుండనీళ్లలో ముంచి, పిండీ పిండకుండా చేతి మీద పరిచింది. గుడ్డ వెచ్చబడగానే తీసి మళ్లీ ముంచింది. అలా చాలాసేపు చేశాక, ఉప్పు వేయని చల్లటి పల్చటి మజ్జిగలో గుడ్డ తడిపి వేసింది. ఉప్పుంటే కాలిన చోట చురచురలాడుతుంది కదా.

ఇంటికెళ్లాక కలబంద. పెరట్లో మట్ట కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గోడకు నిలబెట్టింది. పసుపుపచ్చని జిగురు బొట్టు బొట్టుగా కారిపోయింది. దాన్ని కారనివ్వకుండా రాస్తే కొందరికి దురద పుట్టి, దద్దుర్లు లేస్తాయి. తర్వాత కడిగి, అంచు ముళ్లు చెక్కి, గాజులా మెరిసే లోపలి గుజ్జును మాత్రమే పల్చగా రాసింది. రుద్దలేదు, అద్దింది.

నేను నా సంచిలోంచి కొబ్బరినూనె తీయబోతే ఆ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘ఎండమంటకు అప్పుడే నూనె పెడితే ఉడికే కుండ మీద మూత పెట్టినట్టేనమ్మా, వేడి బయటికి పోదు’ అంది. చర్మవైద్యులు చెప్పేదీ అదే. మొదటి రోజు జిడ్డు పదార్థాలు వద్దంటారు. మరి మిరప కోసి మండే చేతులకు మాత్రం అదే కొబ్బరినూనె ముందు రాసుకుంటారు! మిరపలోని కారం నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. నూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడుగుతారు. చదువుకున్న మనం ‘మంటకు ఏం రాయాలి’ అని అడుగుతాం. వాళ్లు ముందు ‘ఎందుకు మండుతోంది’ అని అడుగుతారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

ఇంకో సంగతి. ఎండ కాల్చిన సంగతి అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటలకు ఎరుపెక్కుతుంది, ఒక రోజు గడిచేలోపు మంట పతాక స్థాయికి చేరుతుంది. అందుకే మైదానంలో ఏమీ కాలేదన్న చిన్నోడు రాత్రి ఏడ్చాడు.

మేళ్లచెరువు,
ఆదివారం

అక్కా,

నిన్న ఇల్లు కడుతున్న మేస్త్రీల దగ్గర కూర్చున్నాను. తడి సిమెంటు చర్మాన్ని కాల్చడం వేరే రకం, అందులో సున్నం గుణం ఉంటుంది. దానికి మజ్జిగా కలబందా అని కూర్చోకూడదు, వెంటనే ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడగాలి.

వాళ్లు మధ్యాహ్నం రాగి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని తాగారు. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదనే మాట ఇక్కడా వినబడింది. జేబులోది కాపాడదు, కడుపులో పడ్డ అంబలి నీళ్లే కాపాడతాయి. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. తెలంగాణలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. పోయినవాళ్లలో కూలీలు, ముసలివాళ్లు ఎందరో. ఆ మాట ఎత్తితే మేస్త్రీలు కాసేపు మాట్లాడలేదు.

తాటి ముంజలు వచ్చాయి. ముంజల నీళ్లు చెమటకాయల మీద రాస్తారు, హాయిగా ఉంటుంది. చిన్నోడికి తినిపించు కూడా.

నల్లబడ్డ చోట నిమ్మచెక్క రుద్దుతున్నానన్నావు, అది ఈరోజే ఆపెయ్. నిమ్మరసం అంటిన చర్మం మళ్లీ ఎండలోకి వెళ్తే ఇంకా కాలి మచ్చలు పడతాయి. ఐసుగడ్డ నేరుగా పెట్టకు, పేస్టు రాయకు. పొక్కులు లేస్తే చిదపకు, చితికిన చోట పెరుగూ కలబందా ఏవీ వద్దు. ఆటకు పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో పంపు, ఫుల్‌ చేతుల చొక్కా వేసి పంపు. పొక్కులు ఒంటి మీద చాలా చోట్ల లేచినా, జ్వరం, వణుకు, వాంతులు కనిపించినా డాక్టరుకు చూపించు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చెయ్యి.