రెండో అంతస్తు

కూకట్‌పల్లిలో ఒక పెద్ద బట్టల షాపు. రెండో అంతస్తు నాది: ఫ్యాన్సీ చీరలు, డ్రెస్ మెటీరియల్, కుర్తీలు. ఫ్లోర్ సూపర్‌వైజర్ అంటే ఏం పనో మా ఇంట్లోవాళ్లకి చివరిదాకా అర్థం కాలేదు. అమ్మేదీ నేను కాదు, డబ్బు తీసుకునేదీ నేను కాదు. ఏ కౌంటర్ దగ్గర జనం పేరుకుపోయారో చూసి అక్కడికి ఒక అమ్మాయిని పంపాలి. ట్యాగు ఊడిన చీరకి ధర కనుక్కోవాలి. చీర మార్చుకోవడానికొచ్చిన వాళ్లకీ, విసుక్కునే బిల్లింగ్ కుర్రాడికీ మధ్యలో దూరాలి. భోజనానికి ముందెవరు, వెనకెవరు అన్నది తేల్చాలి. అన్నిట్లోకీ కష్టం ఆ చివరిదే.

2017 ఆషాఢం మర్చిపోలేను. ఒకపక్క తగ్గింపు ధరల జనం, ఇంకోపక్క జులై 1న వచ్చిపడ్డ జీఎస్టీ. అప్పట్లో చీర ఎంత ఖరీదైనా పన్ను 5 శాతమే. కుట్టిన కుర్తీ వెయ్యి దాటితే 12. తగ్గింపు పోను వెయ్యి లోపుకి దిగితే మళ్లీ 5.

"ఆరువేల చీరకి తక్కువా, పన్నెండొందల కుర్తీకి ఎక్కువా? ఇదెక్కడి న్యాయమమ్మా?" అని ఒక పెద్దావిడ నిలదీసింది. ఢిల్లీ వేసిన లెక్కకి ఫ్లోరు మీద జవాబుదారీ నేను!

పొద్దున తెరిచింది మొదలు రాత్రి షట్టర్ దించేదాకా అమ్మాయిలు నిలబడే ఉండాలి. కౌంటర్ ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు, పైన కెమెరా.

"అక్కా, కాళ్లు గుంజుతున్నయ్" అనేవాళ్లు. "స్టాక్ చూసి రా" అని లోపలికి పంపేదాన్ని. అక్కడ బేళ్ల మీద పది నిమిషాలు కూలబడి వచ్చేవాళ్లు.

"మీ ఫ్లోర్‌లో ఇన్నిసార్లు స్టాక్ ఎందుకు చూడాల్సొస్తోంది?" అన్నాడు మేనేజర్ ఒకరోజు.

"ఆషాఢం కదా సార్, సరుకు కదలిక ఎక్కువ."

ఆయనకి తెలియదనుకోను. మళ్లీ అడగలేదు మరి.

కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో కేరళ ఆ మేరకు చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. పేపర్లో చదివి మా పాత అమ్మాయిలకి ఫోన్ చేసి చెప్పాను.

ఈసారి చీరలకి వెళ్తే మీకు కుర్చీ వేస్తారు. విప్పి చూపించే అమ్మాయికి కూడా ఒక స్టూలు వేయమని సూపర్‌వైజర్‌ని అడగండి. మేం అడిగితే వినలేదు. కొనేవాళ్లు అడిగితే యాజమాన్యం వింటుంది.