కరెంటు పుట్టే ఊళ్లో కాలిన తీగ

మాది కడప జిల్లా కలమల్ల. ఎరికల్ ముత్తురాజు తెలుగు శాసనం దొరికిన ఊరని మీరు చదివుంటారు. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆర్టీపీపీ. 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం. కరెంటు పుట్టేది మా ఊరి పక్కనే. అయినా మా ఇంట్లో వైరు గురించి ఎవరం పట్టించుకోలేదు.

రెండేళ్ల కిందట బోనస్ డబ్బులతో అమ్మానాయనలకు ఒకటిన్నర టన్ను ఏసీ కొనిచ్చా. బిగించడానికొచ్చిన అబ్బాయి "దీనికి వేరే లైన్ లాగాలన్నా" అన్నాడు. "సాకెట్ ఉందిగా, పెట్టెయ్" అన్నా. బీటెక్ చదివినోణ్ని, నాకు తెలీదా?

మూడు వారాల తర్వాత రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్. "నాయనా, గోడలోంచి ఏదో కాలిన వాసన వస్తాంది."

నేను హైదరాబాద్‌లో. నాయన చీకట్లో స్టూలెక్కి మెయిన్ దించేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నా.

పొద్దున్నే బస్సెక్కి వచ్చేశా. ఎలక్ట్రీషియన్ మామ పైపులోంచి తీగ లాగాడు. పాతకాలం అల్యూమినియం వైరు. మధ్యలో మెలిపెట్టిన అతుకు, దాని మీద కరిగి నల్లబడిన టేపు.

"పైపులో అతుకు ఉండగూడదు అబ్బీ. వేయాల్సొస్తే బాక్సులోనే వేయాల."

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు మామా?"

"అది ఎంత కరెంటు పోతాందో చూస్తాది. గోడలో అతుకు కాగేది దానికెట్లా తెలుస్తాది?"

నిజమే. ఏసీ లాగింది ఏడెనిమిది ఆంపియర్లే. ఎంసీబీ లెక్కలో అది మామూలే. కానీ వదులైన అతుకు దగ్గర రెసిస్టెన్స్ పెరుగుతుంది, అక్కడే వేడి పుడుతుంది. ఇంటర్లో ఆ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నోణ్నే.

ప్రొద్దుటూరు వెళ్లి రాగి వైరు తెచ్చాం. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు. మా 4 వైరులో 0.3 మి.మీ. పోగులు 56. ఒకే మందపు తీగ పైపు మలుపుల్లో మొండికేస్తుంది, పోగుల తీగ సులువుగా వంగుతుంది. జీఐ తీగకు కట్టి అటు మామ లాగుతుంటే, ఇటు నేను అందించా. చివర తొక్క తీసేటప్పుడు నాలుగు పోగులు తెంపేశా. మామ ఆ ముక్క కత్తిరించి మళ్లీ తీయించాడు. "తెగినచోట తీగ సన్నబడినట్టే గదా!" పోగులన్నీ కలిపి లగ్గు నొక్కి, స్క్రూ బిగించాం. పచ్చ వైరుతో ఎర్తింగ్ కూడా.

ఆ లైనుకైన ఖర్చు, ఏసీ మీద నాకొచ్చిన డిస్కౌంట్ కన్నా తక్కువ.

మీరూ ఇంటికి ఏసీయో గీజరో పంపిస్తుంటే, ముందు ఎలక్ట్రీషియన్‌ను పంపండి. వైరు ఏ లోహం, ఎంత సైజు, ఎర్తింగ్ ఉందా అని అడగండి. కొత్తది కొంటే ఐఎస్ 694 గుర్తు చూడండి.

ఇప్పటికీ ఏసీ వేశాక నాయన గోడ మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూస్తాడంట. అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.